లెక్క 195 దేశాలది, పరీక్ష పాస్‌పోర్టుది

నెల్లూరులో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే జనంలో చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అడిగేవాళ్లతో పాటు విదేశం రొట్టె కోసం వచ్చేవాళ్లు కూడా ఉంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఆ రొట్టె పట్టుకున్న చాలామంది మనసులో ఉండేది ఒకే ఒక్క దేశం. అమెరికానో, కువైటో, ఆస్ట్రేలియానో. ఒక్క వీసా స్టాంపు కోసం ఇంత మొక్కు. అలాంటిది ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా తిరిగి రావాలని పెట్టుకునేవాళ్లు ఉన్నారని వింటే మొదట అది బాగా డబ్బున్నవాళ్ల వ్యవహారం అనిపిస్తుంది. ఈమధ్య ఉమా తెలుగు ట్రావెలర్, నా అన్వేషణ, రవి తెలుగు ట్రావెలర్ లాంటి యూట్యూబ్ చానళ్ల పుణ్యమా అని ఒంగోలులో, కావలిలో కుర్రాళ్లు కూడా "ఎన్ని దేశాలు అయ్యాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి" అని మాట్లాడుకుంటున్నారు. మంచిదే. కాకపోతే ఆ అంకె వెనక ఏముందో తెలుసుకుని మాట్లాడుకుంటే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే "ఫలానా మనిషి అన్ని దేశాలూ తిరిగాడు" అన్న మాట మనిషి గురించి చెప్పేది కొంతే. అతని చేతిలో ఉన్న పాస్‌పోర్టు గురించి, అతను పెట్టుకున్న రూలు గురించి చెప్పేదే ఎక్కువ.

ముందు అంకె సంగతి. ఐక్యరాజ్యసమితిలో సభ్య దేశాలు 193. ఆఖరున చేరింది దక్షిణ సూడాన్, 2011 జూలై 14న. సభ్యత్వం లేకుండా పరిశీలక హోదాలో ఉన్నవి వాటికన్, పాలస్తీనా. ఈ రెండూ కలిపితే 195. ఎక్కువమంది పట్టుకునే లెక్క ఇదే. అయితే 2008లో స్వతంత్రం ప్రకటించుకున్న కొసావోను ఏం చేయాలి? సొంత ప్రభుత్వం, సొంత కరెన్సీ, సొంత పాస్‌పోర్టు ఉన్న తైవాన్‌ను ఏం చేయాలి? ఈ రెండూ కలుపుకుంటే 197. ఫుట్‌బాల్ సంఘం ఫిఫాను అడిగితే 211 అంటుంది, ఎందుకంటే వాళ్ల దగ్గర ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ వేర్వేరు జట్లు. ఒలింపిక్ కమిటీలు 206. 1954లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ట్రావెలర్స్ సెంచరీ క్లబ్ అయితే దూరంగా ఉన్న దీవుల్ని, విడిగా పడ్డ ప్రాంతాల్ని కూడా వేరుగా లెక్కేసి 330 పేర్ల జాబితా పెట్టుకుంది. ఆ జాబితాలో హవాయి వేరు, అలాస్కా వేరు, మన అండమాన్ వేరు, లక్షద్వీప్ వేరు. అందులో సభ్యత్వం కావాలంటే కనీసం 100 చూసి ఉండాలి.

ఈ జాబితా ఒకచోట నిలబడదు కూడా. సోవియట్ యూనియన్ 1991లో 15 దేశాలైంది. తూర్పు తైమూర్ 2002లో వచ్చింది, మాంటెనెగ్రో 2006లో. 2011కి ముందు ఖార్టూమ్ వెళ్లొచ్చి సూడాన్ అయిపోయిందని టిక్కు పెట్టుకున్నవాళ్లు మళ్లీ దక్షిణ సూడాన్ రాజధాని జూబా దాకా వెళ్లాల్సి వచ్చింది. పపువా న్యూ గినీలో భాగమైన బోగన్‌విల్‌లో 2019లో ఓటింగ్ పెడితే దాదాపు 98 శాతం మంది విడిపోతామన్నారు, కాబట్టి రేపో ఎల్లుండో ఇంకో పేరు చేరొచ్చు. నెల్లూరు, ప్రకాశం వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు పోయింది. అంతకుముందే 13 జిల్లాలూ చూసేశానని అనుకున్న మనిషి ఒక్క రోజులో సగం మాత్రమే చూసినవాడయ్యాడు. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. చూడడం అంటే ఏమిటి? దీనికి అందరూ ఒప్పుకున్న రూలు లేదు. ఇందాక చెప్పిన క్లబ్బు నియమం ప్రకారం విమానం ఆయిల్ కోసం దిగినా, ఓడ రేవులో ఆగినా ఆ దేశం చూసినట్టే. కొందరు ఎయిర్‌పోర్టు దాటి బయటికి రావాలంటారు, కొందరు ఒక రాత్రి నిద్ర చేయాలంటారు, కొందరు అక్కడి మనిషితో కూర్చుని తినాలంటారు. ఉభయ కొరియాల మధ్య పాన్‌మున్‌జోంలో సరిహద్దు గీత మీదే కట్టిన నీలం గది ఉంది, దక్షిణం వైపు నుంచి వచ్చిన టూరిస్టులు ఆ గదిలో బల్లకు అటుపక్క నిలబడి ఉత్తర కొరియా కూడా అయిపోయిందని రాసుకున్న సందర్భాలున్నాయి. యుద్ధంలో నలిగిపోయిన యెమెన్ ప్రధాన భూభాగానికి వెళ్లకుండా, విమానంలో నేరుగా సొకోత్రా దీవికి పోయి యెమెన్ లెక్కలో వేసుకునేవాళ్లు చాలామంది. చట్టప్రకారం సొకోత్రా యెమెన్‌దే, తప్పు పట్టలేం. కానీ యెమెన్ రాజధాని సనా పేరు విని పెరిగినవాళ్లు ఆ టిక్కును ఒప్పుకుంటారా?

ఈ ప్రశ్నను తిప్పి మన ఊరికే వేసుకుంటే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. చెన్నై నుంచి విజయవాడ పోయే బస్సులో అర్ధరాత్రి నిద్రపోతూ 16వ నంబరు జాతీయ రహదారి మీద నెల్లూరు దాటినవాడు "నెల్లూరు చూశాను" అంటే ఇక్కడ ఎవరైనా ఒప్పుకుంటారా? కృష్ణపట్నం రేవుకు బొగ్గు ఓడలో వచ్చిన ఫిలిప్పీన్స్ నావికుడు నాలుగు గంటలు గేటు బయట తిరిగి టీ తాగి వెళ్లిపోతే అతను ఇండియా చూసినట్టా? పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం చూడకుండా, మామిడికాయ వేసి వండిన చేపల పులుసు మర్నాడు పొద్దున చద్దన్నంలో కలుపుకోకుండా నెల్లూరు చూడడం ఏమిటని మనం అంటాం. మన ఊరికి ఏ కొలత పెడతామో, పక్కవాళ్ల దేశానికీ అదే కొలత పెట్టడం న్యాయం.

అలాగని జాబితా పెట్టుకుని తిరగడం తప్పు అనడానికి మనకు అసలు నోరు రాకూడదు, ఎందుకంటే ఈ దేశంలో జాబితా యాత్రలు శతాబ్దాల నాటివి. పంచారామాలు, 12 జ్యోతిర్లింగాలు, 18 శక్తిపీఠాలు, వైష్ణవులకు 108 దివ్యదేశాలు. ఆ 108లో 106 మాత్రమే ఈ భూమ్మీద ఉన్నాయి, మిగతా రెండూ క్షీరసాగరం, పరమపదం. బతికుండగా పూర్తి కాని జాబితా అన్నమాట. ఆ 106లో ఒకటి నేపాల్‌లోని ముక్తినాథ్. 18 శక్తిపీఠాల శ్లోకం మొదలయ్యేదే లంకలోని శాంకరీదేవితో. కాశ్మీర సరస్వతిగా చాలామంది చెప్పే శారదాపీఠం ఇప్పుడు నియంత్రణ రేఖకు అవతల ఉంది, ఎంత భక్తి ఉన్నా మామూలు యాత్రికుడికి అక్కడికి దారి లేదు. అన్ని దేశాలు తిరిగేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది కూడా సరిగ్గా ఇదే. ఎంత దూరమైనా పోవచ్చు, గుమ్మం తెరిచేవాళ్లు ఉండాలి.

కొంతమంది ఎలా తిరిగారో చూస్తే ఇది ఇంకా అర్థమవుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన గ్రాహమ్ హ్యూస్ విమానం ఎక్కకుండా అన్ని దేశాలూ తిరగాలని 2009 జనవరి 1న బయలుదేరాడు. గిన్నిస్ పెట్టిన షరతు ప్రకారం బస్సు, రైలు, ఓడ లాంటి ప్రజా రవాణానే వాడాలి, సొంత కారు కుదరదు. సెనెగల్ నుంచి కేప్ వెర్డే దీవులకు చేపల పడవలో సముద్రం దాటి, అక్కడ దిగగానే జైల్లో పడ్డాడు. రష్యాలోకి సరైన పద్ధతిలో అడుగుపెట్టలేదని గిన్నిస్ వాళ్లు ఒప్పుకోకపోవడంతో మళ్లీ వెళ్లి రావాల్సి వచ్చింది, అందుకే రికార్డులో లెక్క 2013 జనవరి 31తో ముగిసింది. నాలుగేళ్ల 31 రోజులు.

డెన్మార్క్‌కు చెందిన థోర్ పెడెర్సెన్ కథ దీనికి రెండు రెట్లకు పైగా ఓపికది. 2013 అక్టోబరు 10న ఇల్లు వదిలాడు. విమానం ఎక్కకూడదు, ప్రతి దేశంలో కనీసం 24 గంటలు ఉండాలి, అన్నీ అయ్యేదాకా ఇంటికి పోకూడదు, రోజుకు సగటున 20 డాలర్లలో గడపాలి. దారిలో మెదడుకు ఎక్కే మలేరియా వచ్చింది. ఇంకా తొమ్మిది దేశాలే మిగిలాయనగా కరోనా వచ్చి హాంకాంగ్‌లో దాదాపు రెండేళ్లు ఇరుక్కుపోయాడు. 2023 మే 23న మాల్దీవుల్లో, తన లెక్కలో 203వ దేశంతో ముగించి, ఓడలోనే ఇంటికి చేరాడు. సగటు తీస్తే దేశానికి 17 రోజులు. ఇంకోపక్క 2018లో అమెరికా యువతి టేలర్ డెమన్‌బ్రన్ ఏడాది 189 రోజుల్లో అన్ని దేశాలూ పూర్తి చేసి గిన్నిస్ రికార్డు తెచ్చుకుంది. దేశానికి మూడు రోజులు కూడా పడలేదు, అందులోనే విమాన ప్రయాణాలు, ఎయిర్‌పోర్టు క్యూలు అన్నీ. తెలుగువాడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి ఒక్క కాశీ వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగి రావడానికి 15 నెలలకు పైగా పట్టింది. మజిలీ మజిలీకి నీళ్లెలా ఉన్నాయి, ఏం దొరుకుతుంది, జనం ఎలా ఉన్నారు అని రాసుకుంటూ వెళ్లాడు కాబట్టి దాదాపు రెండువందల ఏళ్ల తర్వాత కూడా ఆ రాతలు పనికొస్తున్నాయి. పరుగు రికార్డుల్లో ఆ కష్టం, ఆ ఓర్పు లేవని కాదు. మూడు రోజుల్లో ఒక దేశం నుంచి చెప్పుకోగలిగినంత ఏదైనా పట్టుకురావడం కష్టమని మాత్రం అనుకోక తప్పదు.

హ్యూస్, పెడెర్సెన్, డెమన్‌బ్రన్ ముగ్గురికీ ఒక సంగతి కలిసొచ్చింది. ముగ్గురివీ బలమైన పాస్‌పోర్టులు. ఏ పాస్‌పోర్టుకు ఎంత బలముందో కొలిచే హెన్లీ సూచీలో పైన ఉండే సింగపూర్ పాస్‌పోర్టుతో ముందస్తు వీసా లేకుండా 190కి పైగా చోట్లకు పోవచ్చు. భారత పాస్‌పోర్టుతో ఆ సంఖ్య కొన్నాళ్లుగా 60 చుట్టుపక్కలే తిరుగుతోంది, ఎక్కడో ఉన్న చిన్న చిన్న దీవులు కూడా అందులోనే. అంటే డెన్మార్క్ వాడు ఓడ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునే చోట, మనవాడు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, ఆఫీసు సెలవు లెటరు, హోటల్ బుకింగు పట్టుకుని క్యూలో నిలబడాలి. నెల్లూరు నుంచి చెన్నై రైల్లో మూడు గంటలే కాబట్టి ఇక్కడివాళ్లకు కొంత నయం, చాలా వీసా సెంటర్లు అక్కడున్నాయి. ఆఫ్రికా దేశాల ఎంబసీలు ఎక్కువ ఢిల్లీలో. ఆ పాస్‌పోర్టు ఢిల్లీ పోయి తిరిగొచ్చేదాకా ఇంకో వీసాకు అప్లై చేయడానికి వీలుండదు, ఈ టెన్షన్ యూరప్ ట్రావెలర్ల వీడియోల్లో కనపడదు.

అయినా తెలివిగా చేసుకుంటే దారి ఉంది. నేపాల్, భూటాన్‌లకు వీసా అక్కర్లేదు. మాల్దీవులు, మారిషస్, ఫిజీ లాంటివి తేలిక. కెన్యా 2024 నుంచి వీసా తీసేసి ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ వీసా ఒక్కటి సంపాదిస్తే, దాని ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, 29 దేశాలు ఒకే స్టిక్కరుతో తెరుచుకుంటాయి. పైగా మధ్యలో ఉన్న వాటికన్, శాన్ మారినో, మొనాకోలకు సరిహద్దులో అడిగేవాళ్లే లేరు, అంటే మొత్తం 32. ఆండోరా పోవాలంటే మాత్రం మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, ఎందుకంటే అందులోకి పోతే షెంగెన్ బయటికి పోయినట్టే, మళ్లీ లోపలికి రావాలిగా. అమెరికా వీసా ఉన్న భారతీయుణ్ని మెక్సికో వేరే వీసా అడగదు. కాబట్టి మనవాళ్లు దేశాల వరస భూపటం చూసి కాదు, ఏ వీసా ఇంకెన్ని తలుపులు తీస్తుందో చూసి వేసుకోవాలి. మొదట అమెరికా, షెంగెన్ వీసాలు, ఆ తర్వాతే మిగతావి. మామూలు పాస్‌పోర్టుకు 36 పేజీలు. వీసా స్టిక్కరు ఒక్కోటి ఒక పేజీ తినేస్తుంది. ఈ పని పెట్టుకునేవాళ్లు ముందే 60 పేజీల పుస్తకానికి అప్లై చేయడం మంచిది.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా మొదలుపెట్టే ముందు పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా తప్పదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి అధీకృత కేంద్రాల్లోనే వేస్తారు, మామూలు ఆస్పత్రిలో కుదరదు. వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచే ఆ పసుపు కార్డు చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితకాలం పనికొస్తుంది. కార్డు లేకుండా ఆ జ్వరం ఉన్న దేశం నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెడతారు.

ఇంత చేశాక కూడా కొన్ని గుమ్మాలు మిగులుతాయి, అవి ఎవరి పాస్‌పోర్టుకు ఎక్కడుంటాయనేదే అసలు చూడాల్సిన విషయం. అమెరికా వాళ్లకు 2017 సెప్టెంబరు నుంచి వాళ్ల ప్రభుత్వమే ఉత్తర కొరియా ప్రయాణం నిషేధించింది. భారతీయుడికి ఆ నిషేధం లేదు. కానీ 2017 నుంచే భారత ప్రభుత్వం తన పౌరులు యెమెన్ వెళ్లకుండా ఆపింది, అనుమతి లేకుండా వెళ్తే పాస్‌పోర్టు లాగేసుకుంటారు. అన్నిటికన్నా కష్టమైనది మాత్రం పక్కనే ఉంది. భారతీయుడికి పాకిస్తాన్ వీసా దొరకడమే అరుదు, దొరికినా ఊళ్ల పేర్లు రాసి ఇచ్చేవాళ్లు, ఆ ఊళ్లు దాటకూడదు, పోలీసులకు హాజరు చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత ఆ కాస్త దారి కూడా పోయింది. 2019 నవంబరు 9న తెరిచిన కర్తార్‌పూర్ కారిడార్ గుండా వీసా లేకుండా సరిహద్దు అవతల నాలుగున్నర కిలోమీటర్లు పోయి గురుద్వారా చూసి సాయంత్రానికి వచ్చేయడానికి వీలుండేది, 2025 మేలో అదీ మూతపడింది. అలా పోయినవాళ్లు పాకిస్తాన్ లెక్కలో వేసుకోవచ్చా? పాన్‌మున్‌జోం బల్లకు అటుపక్క నిలబడి ఉత్తర కొరియా వేసుకునేవాడి కన్నా, గురుద్వారాలో లంగరు భోజనం చేసి అవతలి పంజాబీలతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చినవాడిదే న్యాయంగా అనిపిస్తుంది. పెడెర్సెన్ పది వేల మైళ్ల సముద్రం దాటినంత కష్టం, ఒక భారతీయుడు వాఘా గేటు దాటడంలో ఉంది. 195 అన్న ఒకే అంకె కింద ఈ రెండూ ఒకే టిక్కు. అందుకే అంకె విన్నప్పుడు వెంటనే ఏ పాస్‌పోర్టు అని అడగాలి.

ఇక్కడి పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్ల సంగతి కూడా ఈ లెక్కలో ఎవరూ ఎత్తరు. పదో తరగతి పాస్ కాని మనిషి పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ పరిశీలన అవసరమన్న గుర్తు ఉంటుంది, ఉద్యోగం కోసం 18 దేశాలకు పోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. కువైట్‌లో పదిహేనేళ్లు ఇంట్లో పనిచేసి వచ్చిన ఒక అమ్మకు అరబిక్ వస్తుంది, ఆ ఇంటి పిల్లల్ని పెంచింది, అక్కడి వంట చేయగలదు, అక్కడి ఎండలో రంజాన్ ఎలా ఉంటుందో తెలుసు. ఆమె జాబితాలో ఉన్న దేశం ఒక్కటే. ఆమె ముందు కువైట్ గురించి మాట్లాడే అర్హత రెండు రోజులుండి వీడియో తీసుకొచ్చినవాళ్లకు ఎంతుందో ఆలోచించాలి.

మరి జాబితా వల్ల ఏ మేలూ లేదా అంటే ఉంది, గట్టిగానే ఉంది. జాబితా లేకపోతే తువాలు అనే దేశానికి ఎవరూ వెళ్లరు. పసిఫిక్‌లో ఆ దేశానికి ఫిజీ నుంచి వారానికి కొన్ని విమానాలే. రాజధాని ఫునఫుటిలో రన్‌వే మీద సాయంత్రాలు పిల్లలు ఆడుకుంటారు, విమానం వచ్చే ముందు సైరన్ మోగితే పక్కకు తప్పుకుంటారు. సముద్రమట్టం కొంచెం పెరిగినా మునిగిపోయే నేల అది, ఉప్పు నీళ్లు చేలలోకి రావడం ఏమిటో తెలిసిన మన తీరం వాళ్లు అక్కడికి పోతే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి. ఇష్టం వచ్చినట్టు ఎంచుకోమంటే అందరూ పారిస్, దుబాయ్, బ్యాంకాక్ ఎంచుకుంటారు. వరసలో గినీ బిసావ్ ఉంది కాబట్టి పోవాలి అన్నప్పుడే మనిషి తనకు ఏమీ తెలియని చోట దిగుతాడు.

అలాగే బ్రెజిల్. జాబితాలో అదో పేరు, రియోలో కొండ మీద క్రీస్తు విగ్రహం ముందు ఫొటో దిగితే టిక్కు పడిపోతుంది. కానీ ఆ దేశపు మాంసం పశువుల్లో అత్యధిక భాగం నెలోర్ జాతివి, అంటే మన ఒంగోలు జాతివే. నెల్లూరు పేరు మీదే అక్కడ వాటికి ఆ పేరు నిలిచింది. 1960ల మొదట్లో పోయిన కొన్ని మంచి ఎద్దులతో అక్కడి మందలు బాగా మెరుగుపడ్డాయి. 2023లో వియాటినా 19 అనే నెలోర్ ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా ధర కట్టారు. రియో నుంచి లోపలికి పోతే మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఉబెరాబా అనే ఊరుంది, ఈ మూపురం పశువులకు అది రాజధాని లాంటిది, ఏటా పెద్ద ప్రదర్శన జరుగుతుంది. ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి వెళ్లినవాడు రియోతో ఆగకుండా ఇంకో రెండు రోజులు పెట్టుకుని అక్కడి దాకా పోతే, భాష రాకపోయినా ఆ తెల్లని కోడె మూపురం మీద చెయ్యి వేసి, ఇది మా వైపుదని చూపించుకోగలడు.